పప్పు ఉడకని నీళ్ళు

"గ్రామాభ్యుదయంలో విద్యార్థుల పాత్ర" అనే అంశం మీద వక్తృత్వపు పోటీలో మాట్లాడనివాడు మనలో ఉండడనుకుంటాను. హైస్కూల్లో ఉండగా నేను రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి స్టీలు గ్లాసు కూడా వచ్చింది. నేటి బాలలే రేపటి పౌరులని మొదలుపెట్టి, నడుమ గాంధీగారిని ఒకసారి తలచుకుని, యువశక్తి నిద్ర లేవాలని ముగిస్తే సరిపోతుంది. ఆ మాట్లాడేవాడికి తన ఊళ్ళో ఏ బోరింగు ఎప్పుడు వేశారో, దాని నీళ్ళు ఎవరు తాగుతున్నారో తెలియనక్కర్లేదు. జడ్జీలూ అడగరు.

ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం మాకు తొమ్మిదో తరగతిలో వచ్చింది. అది 2018వ సంవత్సరం. ముగ్గురు మగపిల్లలం, ఇద్దరు ఆడపిల్లలు, మొత్తం అయిదుగురం కలిసి ఒక పని మాకు మేమే ఎన్నుకుని నాలుగు నెలలు చేశాం. దాని గురించి రాయమని యూనియన్ మిత్రులు అడిగితే మొదట సందేహించాను. బహుమతి వచ్చిన సంగతి కాదది. కాని మన కాలేజీలో సగంమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే గనక ఎవరికైనా పనికి వస్తుందేమోనని రాస్తున్నాను.

మాది పొదిలికీ కనిగిరికీ నడుమ ఒక మెట్ట పల్లె. కంది, పొగాకు, నీళ్ళున్న ఏడాది నాలుగు చాళ్ళు మిరప. ఊరికి తూర్పున ఎస్సీ కాలనీ, కాలనీ చివర చేతి బోరింగు. ఊళ్ళోవాళ్ళకు గుడి దగ్గర ఒక బోరు, అక్కడక్కడ పాత బావులు. మా నాయనకూ పెదనాయనకూ ఉమ్మడిన ఒక దిగుడు బావి ఉంది. వంతులు వేసుకుని ఒకరోజు వాళ్ళు, ఒకరోజు మేము మోటారు వేసుకుంటాం. ఈ బావి సంగతి తర్వాత వస్తుంది.

పిల్లల సైన్సు కాంగ్రెసు అనేది ఒకటుంది. జాతీయ స్థాయిలో 1993లో మొదలయింది. పది నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలు జట్టుగా చేరి, తాము ఉండే చోట ఉన్న ఒక సమస్యను తీసుకుని, కొలిచి, లెక్క కట్టి, నివేదిక రాయాలి. ముందు జిల్లాలో, తర్వాత రాష్ట్రంలో, ఆ పైన దేశం మొత్తం మీద. కాగితం మీద చూస్తే ఇంత మంచి ఏర్పాటు ఇంకొకటి లేదు. ఆచరణలో చాలాచోట్ల ఏం జరుగుతుందో మీకు తెలుసు. సైన్సు మాస్టారు అంశం ఇస్తారు, నివేదిక మాస్టారే రాస్తారు, తెలివిగల పిల్లవాడొకడు బట్టీ పట్టి ఒప్పజెబుతాడు. సైన్సు ఎగ్జిబిషన్ల సంగతి సరే సరి. థర్మోకోలు అట్టలు, వంట సోడా నిమ్మరసం పోసిన అగ్నిపర్వతం, ఎర్ర రంగు నీళ్ళు పొంగడం, చప్పట్లు. టౌనులో స్టేషనరీ షాపుల్లో ఇప్పుడు తయారుగా ఉన్న మోడళ్ళే అమ్ముతున్నారు. తండ్రికి డబ్బుంటే కొడుకు శాస్త్రజ్ఞుడు.

మా సైన్సు సారు అలాంటి మనిషి కాదు. ప్రశ్న మీరు తెండి, ఒక్క వాక్యం రాసి తెండి అన్నారు. వారం గడువు. నేను "ప్లాస్టిక్ నిర్మూలన" అని రాసుకుపోయాను. ఇంకొకడు ఓజోను పొర అన్నాడు. "ఓజోను పొరకు మన ఊళ్ళో నుంచి నిచ్చెన వేద్దామా?" అన్నారు సారు. మూడోవాడు అడవుల నరికివేత. మా ఊళ్ళో నరకడానికి సర్కారు తుమ్మలు తప్ప ఏమున్నాయి గనక.

కాలనీ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మా క్లాసులో ఉండేది. ఆమె చేతికి ఇవ్వకుండా కాగితం సారు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. "మా కాలనీ పిల్లల పళ్ళకే ఇంత గార ఎందుకు, ఊళ్ళో పిల్లలకు ఎందుకు తక్కువ?" అని ఉంది అందులో. సారు పైకి చదివారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వేటప్పుడు ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ మాటకొస్తే కాలనీ ఆడపిల్లలందరూ అలాగే నవ్వుతారు. అది సిగ్గనుకునేవాళ్ళం. నాలుగేళ్ళు పక్క పక్క వరసల్లో కూర్చున్నాం, అది సిగ్గు కాదని ఆ కాగితం చదివేదాకా మాకు తట్టలేదు.

అదే మా ప్రశ్న అయింది.

ఫ్లోరైడు అనే మాట మా ఊళ్ళో కొత్తది కాదు. "ఫ్లోరిన్ నీళ్ళు" అంటారు మావాళ్ళు. మా ప్రాంతానికి ఈ విషయంలో ఒక పేరు కూడా ఉంది, కాకపోతే గర్వపడే పేరు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి వైద్యులు మొదట 1937లో రాసింది మా వైపు పల్లెలను చూసే. అప్పుడవి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లాలో ఉండేవి. అంతకు ముందే ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం రైతులు గమనించారనీ, అదే జబ్బు మనుషుల్లో ఉందని తేలడానికి మరికొన్నేళ్ళు పట్టిందనీ గ్రంథాల్లో ఉంది. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. డాక్టర్ల కంటే ముందు మా తాతల తరం వాళ్ళు చూశారన్నమాట! పశువు కుంటితే రైతుకు తెలియకుండా ఉంటుందా. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయే పిల్లల గురించి లోకానికి తెలియజేశారు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్సు అనే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు 1901లో జనం పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసి కారణం వెతకడం మొదలుపెడితే, అది నీళ్ళలోని ఫ్లోరైడని 1931కి గాని తేలలేదు. ముప్ఫయ్యేళ్ళు. మాకున్నవి నాలుగు నెలలు, కాకపోతే జవాబు మాకు ముందే తెలుసు. తెలియనిదల్లా మా ఊళ్ళో ఏ నీళ్ళలో ఎంత అన్నదే.

పళ్ళు లెక్కపెట్టడంతో మొదలుపెట్టాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. ఆడపిల్లలను ఆడపిల్లలే చూడాలి, నోట్బుక్కులో పేరు రాయకూడదు, వీధి మాత్రమే రాయాలి, రాసింది ఎవరికీ చెప్పకూడదు అని సారు షరతులు పెట్టారు. మచ్చ లేనివి, తెల్లని చారలున్నవి, గోధుమరంగు పట్టినవి అని మూడు గళ్ళు గీశాం. ఇంటింటికీ తిరిగి తాగే నీళ్ళు ఎక్కడివి, ఎన్నేళ్ళ నుంచి అని అడిగాం. ఇదంతా విన్నంత తేలిక కాదు. "ఏందిరా అబ్బాయా, ఓట్ల లెక్కా?" అన్నవాళ్ళున్నారు. పెన్షను రాస్తున్నామనుకుని ఆధార్ కార్డులు తెచ్చి చూపించిన ముసలివాళ్ళున్నారు.

ఆ అమ్మాయి వాళ్ళ అవ్వను అప్పుడే దగ్గరగా చూశాను. పిలిస్తే ఆమె మెడ తిప్పి చూడలేదు, మనిషి మొత్తం తిరగాలి. నడుం వంగిపోయి ఉంది. వయసు అడిగితే మా అమ్మమ్మ కంటే చిన్నది.

నీళ్ళు పరీక్ష చేసే కిట్టు గ్రామీణ నీటి సరఫరా విభాగం నుంచి సారు తెచ్చారు. నీళ్ళలో రియేజెంటు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. గులాబీ రంగు ఉంటే ఫ్లోరైడు తక్కువ, పసుపుకు తిరిగే కొద్దీ ఎక్కువ. పక్కన అట్ట మీద రంగు గళ్ళు ఉంటాయి, పోల్చుకోవడమే. ఇప్పుడు కెమిస్ట్రీ చదువుతున్నాను గనక అందులో ఏం జరుగుతుందో చెప్పగలను: రంగు పదార్థం జిర్కోనియంతో జతకట్టి ఎరుపుగా ఉంటుంది, ఫ్లోరైడు వచ్చి ఆ జిర్కోనియాన్ని లాక్కుపోతే మిగిలిన రంగు పదార్థం తన అసలు పసుపు రంగుకు వస్తుంది. అప్పుడు ఇదేమీ తెలియదు. తెలిసిందల్లా కాలనీ బోరింగు నీళ్ళు సీసాలో పోసి చుక్కలు వేయగానే గడ్డిచామంతి పువ్వులాగా అయ్యాయని. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అట్ట మీద గళ్ళు చూస్తే ఇది దానికి రెట్టింపు దాటింది. తర్వాత ప్రభుత్వ లేబొరేటరీకి పంపితే వాళ్ళూ మూడు పైనే అన్నారు.

మొత్తం పదకొండు చోట్ల నీళ్ళు చూశాం. కాలనీ బోరింగు అన్నిటికంటే ఎక్కువ. గుడి దగ్గరి బోరు రెండోది. అన్నిటికంటే తక్కువ, ఒకటి లోపు వచ్చింది ఏదంటే, మా దిగుడు బావి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మా ఊళ్ళో ఎవరిని అడిగినా కాలనీ బోరింగు నీళ్ళు మంచివనే అంటారు. తియ్యగా ఉంటాయి, పప్పు మెత్తగా ఉడుకుతుంది. మా బావి నీళ్ళు అంత రుచి ఉండవు, ఆ నీళ్ళతో ఎంతసేపు ఉడికించినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. నీళ్ళ మంచి చెడ్డలకు మా ఆడవాళ్ళ పరీక్ష అదే, పప్పు ఉడకాలి. ఆ పరీక్షలో ఫస్టు వచ్చిన నీళ్ళే ఎముకలు వంచేవి. దీని కారణం నాకు డిగ్రీకి వచ్చాక ద్రావణీయతా లబ్ధం పాఠంలో అర్థమయింది. కాల్షియమూ ఫ్లోరైడూ రెండూ ఒకే నీళ్ళలో ఎక్కువగా ఇమడలేవు, కలిసి కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు దిగిపోతాయి. గ్రానైటు రాతి పొరల్లో లోతున ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో కాల్షియం తగ్గిపోయి, సోడియం బైకార్బొనేటు పెరుగుతుంది. అంటే వంట సోడా వేసిన నీళ్ళలాంటివి. పప్పు ఉడకక ఏం చేస్తుంది? రాతి నుంచి కరిగిన ఫ్లోరైడు కూడా ఆ నీళ్ళలో హాయిగా నిలిచిపోతుంది. వాన నీళ్ళు ఇంకే పైపొర బావిలో కాల్షియం ఉంటుంది, అందుకని ఫ్లోరైడు తక్కువ, పప్పు గట్టి. మా బావి అలాంటిది. అన్ని బావులూ ఇలాగే ఉంటాయని కాదు, అందుకే దేనికది పరీక్ష చెయ్యాలి. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసులో నేనొక్కణ్ణే ఎందుకు నవ్వానో మా లెక్చరరుగారికి అర్థమై ఉండదు.

లెక్క తేలింది. ఇక నివేదిక రాసి అట్టలు కట్టి ఒంగోలు పంపితే పిల్లల పని అయిపోయినట్టే. చాలా జట్లకు అక్కడితో అయిపోతుంది. కాని ఆ అమ్మాయి అడిగింది నివేదిక కాదు గదా. "మరి మావాళ్ళు ఏ నీళ్ళు తాగాలి సార్?" అంది. కాచి తాగమని చెప్పడానికి లేదు. కాచితే నీళ్ళు ఆవిరవుతాయి గాని ఫ్లోరైడు అక్కడే ఉంటుంది, ఇంకా చిక్కబడుతుంది. నల్గొండ పద్ధతి అని సున్నం, పటిక వేసి కలిపి తేర్చుకునే పద్ధతి ఒకటి నాగపూరు సంస్థ వాళ్ళు 1970లలో చెప్పారు. మంచి పద్ధతే. కాని పటిక ఎంత వెయ్యాలన్నది నీటిని బట్టి మారుతుంది, రోజూ ఒక మనిషి శ్రద్ధగా చూడాలి. కాలనీలో రోజూ కూలికి పోయేవాళ్ళే అందరూ. మిగిలిన దారి మా బావి.

సారు నా వైపు చూడలేదు. మిగతా నలుగురూ కూడా చూడలేదు. చూడకుండా ఉండడం కూడా అడగడమే.

మా నాయనకు కొలతలంటే గురి ఉంది. మా జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బోర్ల నీటిమట్టం కొలుచుకునే పథకం ఒకటి 2000 తర్వాత కొన్నేళ్ళు నడిచింది. మా వైపు కొలిచినవాళ్ళలో నాయన ఒకడు. అందుకని నోట్బుక్కు తీసుకెళ్ళి ముందు అంకెలు చూపించాను. అరుగు మీద పెదనాయన కూడా ఉన్నాడు.

నాయన గళ్ళన్నీ వేలితో చదివి, "అయితే మనం తాగేవి మంచివే" అన్నాడు.

"కాలనీవాళ్ళు తాగేవి కాదు నాయనా" అన్నాను.

పెదనాయనకు అర్థమైపోయింది. "బోరింగు ఏసింది గవర్నమెంటు. నీళ్ళిచ్చేదీ గవర్నమెంటే. ఊరు ఊరంతా బావి మీద పడితే మిరప చేను ఏం తాగాలిరా?" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ఏడు వానలు లేవు. బావిలో నీళ్ళు మెట్లు మెట్లుగా దిగిపోతున్నాయి. ఆయన అనని మాట ఇంకొకటి ఉంది. అది మా ఊళ్ళో అందరికీ తెలుసు గనక ఎవరూ అనరు.

మరునాడు మేము అయిదుగురమూ ఇంకొక లెక్క కట్టాం. నా ఉద్దేశంలో మా ప్రాజెక్టు మొత్తంలో అదే మంచి పని. కాలనీలో నలభై రెండు ఇళ్ళు. తాగడానికీ వంటకూ ఇంటికి రెండు బిందెలు. బిందెకు పదిహేను లీటర్లు. వెరసి 1,260 లీటర్లు. మోటారు వేసి, రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎంతసేపు పడుతుందో సారు వాచీ పెట్టి చూశాం. నలభై సెకన్లు. అంటే కాలనీ మొత్తానికి ఒకరోజుకు కావలసిన మంచినీళ్ళు మోటారు నాలుగు నిముషాల పైచిలుకు తిరిగితే వస్తాయి. మిరపకు తడి పెట్టాలంటే గంటల తరబడి తిరగాలి.

నాయన ఆ లెక్క రెండుసార్లు చూశాడు. డ్రమ్ము దగ్గర తనే నిలబడి ఇంకోసారి కొలిచాడు కూడా. "నాలుగు నిముషాలకా నిన్న అంతసేపు మాట్లాడుకుంది?" అన్నాడు. తన వంతు రోజుల్లో పొద్దున్నే పట్టుకోవచ్చన్నాడు. పెదనాయన వారం రోజులు పలకలేదు. తర్వాత ఒప్పుకున్నాడు గాని ఒక షరతు మీద. పైపు బయటకు, బాట పక్కకు వెయ్యాలి. బావి గట్టు ఎవరూ ఎక్కకూడదు.

అది సంతోషించవలసిన మాటో కాదో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా తెలుసునని చెప్పలేను. నీళ్ళు రావడం ముఖ్యమని సారన్నారు. ఆ అమ్మాయి మాత్రం, "గట్టెక్కకుండా పట్టుకోమంటే మా అమ్మ వస్తాది. నేను రాను" అంది. ఆమె రాలేదు. ప్రాజెక్టు పనికి ఒక్కరోజు కూడా మానలేదు, కాని బిందె పట్టుకుని మా పైపు దగ్గరకు ఎప్పుడూ రాలేదు. నేను అడగలేదు.

పైపు వేశాక అసలు చిక్కు ఎదురయింది. మొదటి నాలుగు రోజులు వచ్చినవాళ్ళు అయిదో రోజు రావడం మానేశారు. వాళ్ళ అవ్వే చెప్పింది, "ఆ నీళ్ళతో పప్పు ఉడకదబ్బయా. కట్టెలు ఎవరు తెస్తారు?" అని. మా నివేదికలో ఈ సంగతి లేదు. గ్యాసు బండ ఉన్న ఇళ్ళలో కూడా పప్పుకు కట్టెల పొయ్యే, గ్యాసు ఆదా. పప్పు ఉడకడానికి ఇంకో అరగంట పడితే ఇంకో కట్ట కట్టెలు. అది కూలికి పోయి వచ్చిన మనిషి మోసుకు రావాలి. ఈ లెక్క మగపిల్లలం ముగ్గురికీ తోచనే లేదు, ఆడపిల్లలిద్దరూ పట్టుకున్నారు. బడి మధ్యాహ్న భోజనం వండే ఆయాను అడిగి, ఆదివారం వంటగది తీసుకుని, ఒకే కొలత కందిపప్పు మూడు గిన్నెల్లో పెట్టారు. ఒకదాంట్లో బోరింగు నీళ్ళు, ఒకదాంట్లో మా బావి నీళ్ళు, మూడోదాంట్లో రాత్రంతా మా బావి నీళ్ళలోనే నానబెట్టిన పప్పు. నానబెట్టింది దాదాపు బోరింగు నీళ్ళ పప్పుతో సమానంగా మెత్తబడింది. చిటికెడు తినే సోడా వేస్తే ఇంకా తొందరగా ఉడికింది. ఆ పప్పు మేమే తిన్నాం, ఆయాతో సహా.

కాలనీలో చెప్పే పని కూడా ఆడపిల్లలదే అయింది. మిల్లీగ్రాములూ, ప్రమాణాలూ చెప్పలేదు వాళ్ళు. పప్పు రాత్రి నానేయండి, మీ పళ్ళకూ మా పళ్ళకూ ఇక అయ్యేదేమీ లేదు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఈ నీళ్ళే పట్టండి అన్నారు. పాలపళ్ళు ఊడి వచ్చే పళ్ళకు పైపూత లోపల చిగుళ్ళలో ఆ వయసులోనే తయారవుతుంది గనక. తిరిగి వచ్చినవాళ్ళు వచ్చారు. అందరూ రాలేదు.

ఒంగోలులో జిల్లా పోటీ ఒకే పేరాలో చెప్తాను. మా చార్టు ముందు నిలబడి ఒక పెద్దమనిషి, "ఫ్లోరైడు సంగతి ఎప్పటినుంచో తెలిసిందే గదమ్మా, ఇందులో మీ కొత్త ఆవిష్కరణ ఏముంది?" అని అడిగాడు. "తెలిసిందే సార్. ఏ బోరింగులో ఎంతో తెలియదు" అంది ఆ అమ్మాయి. ఆయన తల ఊపి ముందుకు వెళ్ళాడు. మేము రాష్ట్రానికి ఎంపిక కాలేదు. ఎంపికైన వాటిలో మంచివి ఉన్నాయి, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కింద పిల్లవాడి ఆలోచన ఎంపికయితే ఖాతాలో పదివేల రూపాయలు వేస్తారు, నమూనా తయారు చేసుకోమని. అమ్మ పడే కష్టం, నాన్న పడే కష్టం చూసి బరువు మోసే బండో, కలుపు తీసే పనిముట్టో కట్టిన పల్లె పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళు చేసింది గొప్ప పనే. నాకున్న పేచీ అల్లా ఒకటే. బహుమతి కొత్తదాన్ని అడుగుతుంది. ఊరికి కావలసింది తరచుగా కొత్తది కాదు, ఎక్కడో ఎవరికో ఎనభయ్యేళ్ళుగా తెలిసిన సంగతే ఈ వీధికి, ఈ బోరింగుకు ఎంతో కొలిచి చెప్పేవాడు కావాలి. ఆ పనికి హైస్కూలు పిల్లలకంటే తగినవాళ్ళు లేరు. ఏ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారో వాళ్ళకు తెలుసు. ఏ ఇంటి గడపైనా దాటగలరు. ఆదివారాలు ఖాళీ.

తర్వాతి కథ క్లుప్తంగా. లేబొరేటరీ కాగితం పట్టుకుని సారు, సర్పంచిగారు తిరిగితే కాలనీ బోరింగుకు ఎర్ర రంగు వేసి, తాగరాదని రాశారు. మా పైపు నవంబరు నుంచి మార్చి దాకా నడిచింది. 2019 ఏప్రిల్లో బావి అడుగు కనిపించింది, మాకే లేవు. ట్యాంకరు వచ్చింది. ఆ తర్వాత పైపులైనులో సాగర్ నీళ్ళు కాలనీ దాకా వచ్చాయి, ఇప్పుడు వంతుల మీద వస్తున్నాయి. వచ్చిన రోజు బాగానే ఉంటుంది. రాని రోజు డబ్బులున్నవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొంటారు, లేనివాళ్ళు బోరింగు కొడతారు. ఎర్ర రంగు వెలిసిపోయింది. సారుకు బదిలీ అయింది, కొత్తగా వచ్చినాయనకు ఈ సంగతి తెలియదు. పెదనాయన పైపు మాత్రం తీసెయ్యలేదు. వానలు పడి బావిలో నీళ్ళు చేరిన ఏడాది ఇప్పటికీ పొద్దున్నే నాలుగు నిముషాలు వదులుతాడు, ఎవరొచ్చినా రాకపోయినా. ఆ అమ్మాయి నర్సింగు చదువుతోంది. పోయిన వేసవిలో బస్టాండులో కనిపించింది. అవ్వ పోయిందని చెప్పింది.

ఇంతకీ ఈ వ్యాసం రాయడంలో నాకు ఒక స్వార్థం ఉంది. మా నోట్బుక్కులో అంకెలు పాతబడిపోయాయి. భూగర్భజలం ఏటేటా మారుతుంది, ఆ తర్వాత మా ఊళ్ళో ఎన్నో కొత్త బోర్లు పడ్డాయి. ఈ ఏడు తొమ్మిదో తరగతిలో ఉన్న మా పెదనాయన మనుమడికి, వాడి జట్టుకు ఆ నోట్బుక్కు ఇచ్చాను. కిట్టు అట్టతో పోల్చడం కంటే మన కెమిస్ట్రీ లేబులో స్పెక్ట్రోఫోటోమీటరు మీద స్పాడ్స్ పద్ధతిలో 570 నానోమీటర్ల దగ్గర చూస్తే అంకె కచ్చితంగా వస్తుంది. మా లెక్చరరుగారిని అడిగాను. రియేజెంటు తెప్పిస్తామన్నారు, చేసే పని మాత్రం మేమే చెయ్యాలన్నారు. సంక్రాంతి సెలవులకు మెట్ట పల్లెలకు వెళ్ళే మిత్రులు మీ హైస్కూలు పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని నీళ్ళు పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడు గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ సీసా తీసుకుని అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, బోరు కాసేపు కొట్టాక పట్టాలి. ఊరు, వీధి, బోరు లోతు, పట్టిన తేదీ చీటీ రాసి అంటించండి. ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతుందో లేదో కూడా ఇంట్లో అడిగి రాయండి.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ.